ఇటుకల జీపు – పళ్ల చక్రములు చెప్పు పాఠము

ఆటవస్తువులు రెండు తెగలు. అంగడినుండి సంపూర్ణరూపమున వచ్చి, విరిగిన దినముననే మూలకు చేరునవి కొన్ని. ముక్కలుగా వచ్చి, పిల్లల చేతిలో రూపము దాల్చి, మరల విప్పబడి మరియొక రూపము పొందునవి మరికొన్ని. ఈ రెండవ తెగకు చెందిన యొక వస్తువును గూర్చి మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపదలచితిమి. అది చిన్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలతో కట్టి, దూరమునుండి మీటలు నొక్కి నడుపు జీపు బండి.

సోలాపురపు నేతవాడలకు జీపుతో నేమి పనియని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు మా సమాధానమిది. బండికి బలము నిచ్చునది మోటారే కావచ్చును గాని, ఆ బలమును వేగముగా ఖర్చు చేయవలెనా, ఎత్తు నెక్కుటకు వాడవలెనా యని నిర్ణయించునవి పళ్ల చక్రములు. ఈ సత్యమును మన యిండ్లలోని మరమగ్గములు ప్రతిదినము చెప్పుచునే యున్నవి. మనము ఆ చప్పుడు మాత్రమే వినుచున్నాము. ఆ మాటను తేటగా వినిపించుటకు ఇటుకల జీపు మంచి సాధనము.

జీపు పుట్టుక

1940లో అమెరికా సైన్యము, తేలికగా నుండి నాలుగు చక్రములకును బలము అందు చిన్న బండి కావలెనని మోటారు కంపెనీలను కోరెను. బాంటమ్ అను చిన్న కంపెనీ మొదటి నమూనాను నిర్మించి యిచ్చెను. అటుపిమ్మట 1941 మొదలు 1945 వరకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండును గలసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. యుద్ధము ముగిసిన పిదప ఆ బండి పొలములకు, అడవులకు, కొండదారులకు వచ్చినది. 1948లో ఇంగ్లండునందు లాండ్ రోవర్ వెలువడెను.

మన దేశపు కథయు ఆ కాలముననే ప్రారంభమైనది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేరుతో ఒక కంపెనీ ఏర్పడెను. భాగస్వాములలో నొకరైన గులాం మహమ్మద్ దేశ విభజన తరువాత పాకిస్తానునకు మొదటి ఆర్థికమంత్రియైరి. 1948లో ఆ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది. 1947లోనే వారు విల్లీస్ జీపులను మన దేశమున కూర్చుటకు మొదలిడిరి. మనము హైదరాబాదునకు పోవు రహదారిపై నున్న జహీరాబాదులో నేడు ఆ కంపెనీవారి ట్రాక్టర్ల కర్మాగారము కలదు. ట్రాక్టరు గాని, జీపు గాని, రెంటికిని మూలసూత్రము ఒక్కటే: వేగము తగ్గించి బలము పెంచుట.

విల్లీస్ జీపు ఇంజను బలము 60 అశ్వశక్తులు మాత్రమే. నేటి సామాన్యమైన కారునకే అంతకన్న ఎక్కువ యుండును. అయినను అది బురదను దాటెను, వాగుగట్టు నెక్కెను. రహస్యము లెక్కలో నున్నది. మొదటి గేరులో పళ్ల చక్రములు ఇంజను వేగమును 2.66 వంతులు తగ్గించును. ఎత్తుల కొరకై యున్న రెండవ పెట్టె దానిని మరల 1.97 వంతులు తగ్గించును. చక్రముల ఇరుసు నడుమనున్న పళ్ల పెట్టె ఇంకను 4.88 వంతులు తగ్గించును. ఈ మూడింటిని గుణించి చూడుడు. ఇంజను సుమారు 25న్నర చుట్లు తిరిగిన గాని చక్రము ఒక్క చుట్టు తిరుగదు. రాపిడికి పోవునది పోగా, చక్రమును త్రిప్పు బలము దాదాపు అన్ని రెట్లు పెరుగును.

ఇటుక యనగా నేమి?

ఈ ఇటుకలు డెన్మార్కు దేశమందలి బిలుండ్ అను ఊరినుండి వచ్చినవి. ఓలె కిర్క్ క్రిస్టియన్‌సన్ అను వడ్రంగి అచట 1932లో కొయ్య బొమ్మలు చేయ మొదలిడెను. ఆయన స్థాపించిన లెగో కంపెనీ 1958 జనవరి 28వ తేదీన నేటి రూపపు ఇటుకకు పేటెంటు కోరెను. ఇటుక మీద బొడిపెలు, అడుగున గొట్టములు ఉండును. ఒకదాని గొట్టముల నడుమ మరియొకదాని బొడిపెలు బిగుతుగా పట్టుకొనును. బొడిపెకు బొడిపెకు నడుమ దూరము 8 మిల్లీమీటర్లు. బొడిపె గాక ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ఈ కొలత తప్పదు గనుకనే 1958 నాటి ఇటుక నేటి ఇటుకతో అతుకును. అచ్చు పళ్ల నడుమ ఎడము తప్పినచో బట్ట యెట్లుండునో నేతవారి పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు ఆరింటిని తీసికొనినచో, వానిని కలుపు విధములు 91 కోట్ల 51 లక్షలకు మించునని గణితజ్ఞులు లెక్కించిరి. ముక్కలు కొద్దివైనను ఊహకు కొరత యుండదని దీనివలన తెలియును.

1977లో ఆ కంపెనీ, రంధ్రములు గల కడ్డీలు, ఇరుసులు, పళ్ల చక్రములతో కూడిన యంత్రభాగములను విడుదల చేసెను. జీపు కట్టుటకు కావలసినవి ఇవియే. 2019లో వెలువడిన లాండ్ రోవర్ డిఫెండర్ నమూనాలో 2,573 ముక్కలు కలవు. అందులో గేర్ల పెట్టె కలదు గాని మోటారు లేదు. ఉత్సాహవంతులు దానికి మోటారులను, బ్యాటరీని అమర్చి దూరమునుండి నడుపుచున్నారు. మొదటిసారి కట్టువారికి అంత పెద్దది అవసరము లేదు. కొన్ని వందల ముక్కలతోనే నడిచెడి జీపు తయారగును.

వేగమిచ్చి బలము కొనుట

ఎనిమిది పళ్ల చిన్న చక్రమును మోటారు ఇరుసునకు తొడిగి, దానిని ఇరువదినాలుగు పళ్ల చక్రముతో కలుపుడు. చిన్నది మూడు చుట్లు తిరిగిన పెద్దది ఒక్క చుట్టు తిరుగును. ఇట్టి జత మరియొకటి దానికి చేర్చినచో మూడు మూళ్లు తొమ్మిది. మోటారు తొమ్మిది చుట్లకు చక్రము ఒక్క చుట్టు.

ఇప్పుడు లెక్క కట్టుదము. భారము లేనప్పుడు ఒక పెద్ద బొమ్మ మోటారు నిమిషమునకు సుమారు 220 చుట్లు తిరుగును. జీపు చక్రము అడ్డుకొలత 8 సెంటీమీటర్లు అనుకొనినచో చుట్టుకొలత సుమారు 25 సెంటీమీటర్లు. మోటారును నేరుగా చక్రమునకు కలిపినచో బండి నిమిషమునకు 55 మీటర్లు పోవలెను. ఒక జత పళ్ల చక్రములతో 18 మీటర్లు. రెండు జతలతో 6 మీటర్లు మాత్రమే. వేగము తగ్గినకొలది బలము పెరిగినది. ఒకటి యిచ్చి మరియొకటి కొనుటయే గాని, రెండును ఉచితముగా లభింపవు.

మా ఎనిమిదవ తరగతి విద్యార్థులు దీనిని పరీక్షించి చూచిరి. ఒక పలకను నాలుగు పుస్తకములపై వాలుగా పెట్టి, ఒక జత చక్రముల బండిని దానిపైకి నడిపిరి. బండి సగము దూరము పోయి ఆగెను. మోటారు మూలిగెను గాని కదలలేదు. మోటారు చెడినదని ఒకరు, బ్యాటరీ అయిపోయినదని ఒకరు వాదించిరి. అదే మోటారు, అదే బ్యాటరీతో రెండవ జతను చేర్చి నడిపినప్పుడు బండి నత్తనడకతో పలక పైఅంచు వరకు చేరెను. ఆనాడు వారు నేర్చుకొనిన దానిని పరీక్షకొరకు కంఠస్థము చేయనక్కరలేదు.

ఇక మన మగ్గమును చూడుడు. పాత రకపు మరమగ్గములో పై ఇరుసు ఒక్క చుట్టు తిరిగినప్పుడు ఒక పేక పడును. దాని నుండి పళ్ల చక్రములద్వారా బలమందుకొను క్రింది ఇరుసు, పైది రెండు చుట్లు తిరిగిన గాని ఒక్క చుట్టు తిరుగదు. క్రింది చక్రము పళ్లు పైదాని పళ్లకు రెట్టింపు. సాదా నేతకు పడుగు ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి మారవలెను గనుక ఈ ఏర్పాటు. బట్టను చుట్టుకొను రోలరును గమనింపుడు. మోటారు అంత వేగముగా తిరుగుచుండగా బట్ట వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరుగును. నడుమ అయిదు లేక ఏడు పళ్ల చక్రముల వరుస కలదు. అందులో ఒక చక్రమును మార్చినచో అంగుళమునకు పడు పేకల సంఖ్య మారును; బట్ట పలుచనగునో, గట్టిపడునో ఆ ఒక్క చక్రమే నిర్ణయించును. జీపును కొండ యెక్కించు సూత్రమే తువ్వాలును గట్టిగా నేయించుచున్నది.

మలుపు తిరుగుట

బండి మలుపు తిరుగునప్పుడు బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవలెను. ఎద్దుబండికి ఈ చిక్కు లేదు; దాని చక్రములు ఇరుసుపై వేరువేరుగా తిరుగును. మోటారు బండిలో ఇరుసే చక్రములను త్రిప్పవలెను గనుక రెంటి నడుమ డిఫరెన్షియల్ అను పళ్ల పెట్టె నుంతురు. అది వచ్చిన తిరుగుడును రెండు చక్రములకు అవసరమును బట్టి పంచును.

ఐతే దీనికొక లోపము కలదు. ఒక చక్రము గుంటలో గాలిలోనికి లేచినచో, తేలికగా తిరుగునది అదియే గనుక తిరుగుడంతయు దానికే పోవును. నేలనున్న చక్రము కదలదు. అందుచేతనే కఠినమైన దారులకై చేసిన అనేక బండ్లలో ఆ పెట్టెను బంధించు మీట నుంచిరి. ఇటుకల జీపులో సులభమార్గమిది: వెనుక ఇరుసును పెట్టె లేకుండ ఒకే కడ్డీగా వేయుడు, ముందు ఇరుసునకు మాత్రము పెట్టె నుంచుడు. మలుపులో వెనుక చక్రములు కొంచెము ఈడ్చుకొనును గాని, గుంటలో బండి చిక్కుకొనదు.

ముందు చక్రములు తిరుగుటయే గాక ప్రక్కలకు మరలవలెను. దీనికి పళ్లు గల చిన్న కడ్డీ నొకదానిని అడ్డముగా నమర్చి, దానిని ఒక చిన్న పళ్ల చక్రముతో కుడియెడమలకు జరుపుదురు. ఇరుసు వంగినను తిరుగుడు ఆగకుండుటకు చక్రము దగ్గర యూనివర్సల్ జాయింటు అను మడతకీలు వేయుదురు. ముందు ఇరుసును నడుమ ఒకే చీలమీద ఊగునట్లు కట్టినచో, ఎగుడుదిగుడు నేలమీద గూడ నాలుగు చక్రములును నేలను తాకియుండును.

దూరమునుండి ఆజ్ఞ

1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను, తీగ లేకుండ, రేడియో తరంగములతో నడిపి ప్రజలకు చూపెను. నేటి బొమ్మ బండ్ల దూరనియంత్రణకు అదియే తొలి మెట్టు.

ఇటుకల బండ్లలో రెండు పద్ధతులు వాడుకకు వచ్చినవి. మొదటిది కంటికి కనిపించని పరారుణ కాంతి. ఇది టీవీ రిమోటు పద్ధతియే. చేతిపెట్టెకును బండికిని నడుమ గోడ వచ్చినచో ఆజ్ఞ అందదు. ఎండ తీవ్రముగా నున్నను తడబడును. రెండవది బ్లూటూత్ రేడియో తరంగము. దీనికి ఎండతో బాధ లేదు. అడ్డు కొంత వచ్చినను ఆజ్ఞ అందును.

మీట నొక్కినప్పుడు కాంతి యొక క్రమములో వెలిగి ఆరును. వెలుగుటకును ఆరుటకును నడుమ కాలమే భాష. ఒక క్రమమునకు ముందుకు పొమ్మని, వేరొక క్రమమునకు కుడికి తిరుగుమని బండిలోని గ్రాహకము అర్థము చేసికొని మోటారులకు విద్యుత్తును పంపును. ఉన్నది, లేదు అను రెండు గుర్తులతో ఆజ్ఞ వ్రాయు ఈ విద్య మన చద్దర్ల మగ్గములకు క్రొత్త కాదు. 1804లో ఫ్రాన్సు దేశీయుడగు జకార్డు చేసిన మగ్గములో అట్టలకు రంధ్రములు పొడిచి ఆజ్ఞ వ్రాయుదురు. రంధ్రమున్న చోట సూది లోనికి దూరును, దానికి సంబంధించిన పడుగు పోగు పైకి లేచును. రంధ్రము లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, పోగు క్రిందనే యుండును. సోలాపురపు చద్దరుపై పువ్వు పూయుట ఆ అట్టల చదువువలననే. గత శతాబ్దమునకు ముందే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రమునకు ఈ అట్టలనే వాడదలచెను. కంప్యూటరు వంశవృక్షములో మన మగ్గమునకును చోటున్నది.

కట్టు క్రమము

మొదట వెనుక ఇరుసును కట్టి, వ్రేలితో త్రిప్పి చూడుడు. బిగుతుగా తిరిగినచో ఎచటనో ముక్క రాచుకొనుచున్నదని తెలియవలెను. దానిని సరిచేయక ముందుకు పోరాదు. పిదప చట్రము. దానిలో పళ్ల చక్రముల వరుస. ఇరుసులకు ఇరుప్రక్కల ఆధార ముండవలెను. లేనిచో భారము పడినప్పుడు ఇరుసు వంగి, పళ్లు జారి, టకటక శబ్దము వచ్చును. తరువాత నడిపించు మోటారు, ముందు ఇరుసు, మలుపు త్రిప్పు మోటారు. బ్యాటరీ పెట్టె అన్నింటికంటె బరువు గనుక దానిని నడుమ, వీలైనంత క్రిందుగా నుంచుడు. బరువు పైనున్న బండి ప్రక్కకు ఒరిగి బోర్లపడును. తలుపులు, పైకప్పు, దీపములు అన్నియు చివరివి. అవి తేలికగా నుండవలెను. మన పిల్లలు సాధారణముగా పైకప్పుతోనే మొదలిడుదురు! పడుగు పోయకముందే అంచు రంగును గూర్చి తగవులాడుట వంటిదది.

ఖర్చు సంగతి

ఈ ఇటుకలు చవుకవి కావు. పెద్ద నమూనా వెల మన నేతకుటుంబముల కొందరి నెల సంపాదనకు మించును. కావున ఏ తండ్రియు అప్పుచేసి యిట్టి వస్తువును కొనవలెనని మేము చెప్పము. ఏ విద్యార్థియు ఇంట మారాము చేయరాదు. పాఠశాలకు ఒక్క పెట్టె యున్నచో, దానిని విప్పి కట్టుచు ఏటేటి తరగతులు నేర్చుకొనవచ్చును. కండెలను లెక్కపెట్టి యిచ్చినట్లు ముక్కలను లెక్కపెట్టి యిచ్చి, లెక్కపెట్టి తీసికొనవలెను.

అదియు లేనిచోట విద్య ఆగదు. చెడిన గోడగడియారము, పాత టేపురికార్డరు, విరిగిన బొమ్మకారు – వీనిలో పళ్ల చక్రములు, చిన్న మోటారులు లభించును. సైకిలు పుల్ల ఇరుసగును. ఖాళీ దారపు ఉండ చక్రమగును. దూరనియంత్రణ లేకున్నను పొడుగు తీగకు మీట కట్టి నడుపవచ్చును. సూత్రము మాత్రము ఇటుకలదే.

మాటల సంగతి

కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి వచ్చిన మన పెద్దలు ఈ పట్టణమున మగ్గములు వేసి, మిల్లులలో కూలిచేసి మనలను పెంచిరి. 1877లో స్థాపింపబడిన పాత మిల్లు, మన వారు జూనీ మిల్లు అని పిలుచునది, 1960ల దశకమున మూతపడినది. ఆ మిల్లులలో మగ్గములను సరిచేయు జాబరులు ఎందరో ఏ పుస్తకమును చదువకయే పళ్ల చక్రముల శాస్త్రమును చేతులతో నెరిగియుండిరి. వారి విద్య వారితోనే పోయినది. ఎవరును దానిని వ్రాసియుంచలేదు. నేడు మరమగ్గములును ఒక్కొక్కటిగా ఆగిపోవుచున్నవి. ఆ మగ్గములతోపాటు వానిలోని జ్ఞానముగూడ పాతయినుముగా తూకమునకు పోవుట మాకు మిక్కిలి విచారకరము.

శాస్త్రము ఇంగ్లీషులో తప్ప అబ్బదని కొందరు తల్లిదండ్రులు భయపడుచున్నారు. ఎనిమిది పళ్లు, ఇరువదినాలుగు పళ్లు అని తెలుగున లెక్కించినను సమాధానము మూడే. ముందు విషయము చేతికి అబ్బవలెను. పేర్లు వెంట వచ్చును. మన పిల్లలకు భాషలు బరువు కావు, ఆస్తి. కావున మా విద్యార్థులు ఒక నోటుపుస్తకమున నిలువు గీతలు గీసి, ప్రతి భాగమునకు పేర్లు వ్రాయవలెను. తెలుగున పళ్ల చక్రము, మరాఠీలో దాతేరీ చాక్, ఇంగ్లీషున గేరు. తెలుగున ఇరుసు, మరాఠీలో ఆస్, ఇంగ్లీషున యాక్సిల్. నాలుగవ వరుసను ఖాళీగా నుంచి, మీ తాతగారు మగ్గముపై ఆ భాగమును ఏమని పిలుచుచుండిరో అడిగి వ్రాయుడు. ఏ నిఘంటువునందును లేని మాటలు ఆ వరుసలో చేరగలవు.

ఒక హెచ్చరిక. నడుచుచున్న మగ్గము దగ్గరకు ఎన్నడును చేయి పోనీయకుడు. మోటారు ఆపి, విద్యుత్తు తీసివేసి, పెద్దలు ప్రక్కన నుండగా మాత్రమే చూడుడు. పై ఇరుసు చక్రమునకు పళ్లెన్ని? క్రింది ఇరుసు చక్రమునకు ఎన్ని? బట్ట రోలరు వరుసలో ఏ చక్రమునకు ఎన్ని? లెక్కించి వ్రాసికొని వచ్చినవారితో మా తరగతిలో మొదటి జీపును కట్టింతుము.